కిందికి దిగే ఉంగరాలు

సామీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే కుప్పం లెక్కల అయ్యవారు నువ్వు చేసిచ్చిన గాలం కట్టె పట్టుకుని మదనపల్లెకు వచ్చాడు. దారం నడిచే ఉంగరాలు వంకరగా ఉన్నాయని ఎవరో అంటే, విప్పించి అన్నీ పైకే వరసగా కట్టించుకున్నాడట.

"పెద్ద సేప లాగితే కట్టె సేతిలోనే మెలి తిరుగుతాండాదమ్మా. ఆయప్ప కట్టినట్లే కట్టియ్యి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మొదట్లో నేనూ వంకరని నిన్ను తిట్టాను కదా. పుంగనూరు చెరువుకు తీసుకెళ్ళి చూపించావు. "రీలు కాడ పైన మొదలై, పక్కకు తిరిగి, కొనకు పోయేసరికి కిందికి దిగాల. అప్పుడు కట్టె తిరగదు, సూడు," అన్నావు.

నువ్వు మొదట ఉంగరాలు కట్టిన చోట నీ వార్నిష్ మచ్చలు ఇంకా ఉన్నాయి. పైకి కట్టినవి విప్పి, వాటి మీదే ఉంగరాలు పెట్టాను. ఉంగరాన్ని కట్టెకు చుట్టి కట్టేటప్పుడు ఎప్పుడూ నువ్వు కట్టె తిప్పుతుంటే నేను చుట్టే దారం బిగబట్టేదాన్ని. ఇవాళ కూడా దారం బిగబట్టి, అలవాటుగా, "ఊ, తిప్పు సామీ," అన్నాను.

కట్టె కదల్లేదు.

తాను తిప్పుతానని అయ్యవారు చెయ్యి చాచాడు. వద్దన్నాను. దారం కొసను కిటికీ ఊచకు కట్టి, నువ్వు కూర్చునే వైపు కూర్చుని, కట్టె నేనే తిప్పాను.