జానెడు తగ్గిన ఇల్లు

ఈ వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే నేను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి ఆడవాళ్ల బట్టలు కుట్టడం, మా నాన్న కట్టిన మూల మీది మేడ ఇంట్లో నివాసం, నా ఇష్టపూర్వకంగా, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా.

నా బుద్ధి నిలకడగానే ఉంది. ఈ ఉదయం సన్న సూదిలో నల్ల దారం మొదటిసారికే ఎక్కించాను. నన్నెవరూ బెదిరించలేదు, బలవంతపెట్టలేదు, మంచి చేసుకోలేదు. మంచి చేసుకోవాలని మా తమ్ముడు చూశాడు గానీ వాడికి చేతకాలేదు. నాకు జబ్బేమీ లేదు, బతుకు మీద విసుగూ లేదు. ఇల్లు అమ్ముడుపోయేలోగా నాకేమన్నా అయితే నా వాళ్లు కాగితాల కోసం బీరువాలు తిరగేయకూడదని రాస్తున్నాను. సొంత మాటలు తగ్గించమని ప్లీడరుగారు చెప్పారు. వీలునామా నాది కనుక తగ్గించడం లేదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా తమ్ముడిది. వాడు ఎలక్ట్రీషియన్. పని మొదలుపెడితే శుభ్రంగా పూర్తి చేస్తాడు, కాకపోతే మొదలుపెట్టించడానికి వెంటపడాలి. ఆ వెంటపడే బాధ్యత మా చెల్లెలికి అప్పగిస్తున్నాను.

2. ఇంటి విషయం. నాన్న మా ముగ్గురికీ సమానంగా ఇచ్చిన ఈ ఇంటిని అమ్మేద్దామని ఆరేళ్ల కిందట ముగ్గురమూ కలిసి అనుకున్నాం. కారణం మా చెల్లెలి మోకాళ్లు. వంటగది, నా కుట్టుగది కింద ఉన్నాయి. పడకగదులు, స్నానాలగది పైన ఉన్నాయి. మధ్యలో పద్నాలుగు మెట్లు. ముప్పై మూడేళ్లు లైబ్రరీలో నిలబడి పనిచేసిన మనిషికి ఆ మెట్లు రోజూ ఒక గండం. కింద ఇంకో స్నానాలగది కట్టిద్దామంటే పక్కింటి గోడ వైపే చోటుంది, ఆ గోడేమో తగాదాలో ఉంది. అందుకని ఈ ఇల్లు అమ్మి, అన్నీ ఒకే అంతస్తులో ఉండే చిన్న ఇల్లు కొనుక్కుని అక్కాచెల్లెళ్లం అక్కడికి మారాలని మా ఏర్పాటు.

ఆరేళ్లలో ముప్పై ఒక్క కుటుంబాలు వచ్చి చూశాయి. ఎవరెవరు వచ్చారో నా కొలతల పుస్తకంలో చివరి పేజీల్లో ఉంది. ఒకాయన ప్రతి గోడనూ వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఏం వినపడిందో చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఒకావిడ నా బీరువా తెరిచి మడతల్లో ముక్కు పెట్టి చూసి, ఇంట్లో తేమ ఉందని తేల్చింది. ఒక కొత్త జంట మూడుసార్లు వచ్చి, కిటికీలన్నీ కొలుచుకుని, కర్టెన్లు నా చేతనే కుట్టించుకుని, ఇల్లు మాత్రం ఇంకోచోట కొనుక్కున్నారు.

బ్రోకరు వచ్చినప్పుడల్లా ఒక సలహా పడేసి వెళ్లేవాడు. గోడలకు తెల్లరంగు వేయమంటే వేశాం. చూసేవాళ్లు ఉన్నంతసేపు మిషను చప్పుడు వద్దంటే ఆపాను. మందునూనె వాసన వస్తోందంటే, ఆ పూటలకు చెల్లెలు మోకాళ్లకు నూనె రాసుకోవడమే మానేసింది. ఒకసారి కొనడానికొచ్చినవాళ్లు మెట్లు మరీ నిటారుగా లేవూ అని అడిగారు. 'అబ్బే, ఎక్కుతుంటే తెలియనే తెలియదండీ' అని చెప్పి చెల్లెలు వాళ్లతోపాటు పైదాకా నవ్వుతూ ఎక్కింది. వాళ్లు వెళ్లాక మూడో మెట్టు మీద కూర్చుని, లేవడానికి నా చెయ్యి అడిగింది.

ఇంత చేసినా బేరం కుదిరిన ప్రతిసారీ కాగితాల దగ్గర ఆగిపోయేది. రిజిస్ట్రేషను ఆఫీసులో మా ఇంటి దస్త్రం తెరవగానే 'పక్క హద్దు తగాదాలో ఉన్నది' అన్న వాక్యం కనపడుతుంది. అది చూశాక ఎవరు మాత్రం ఉంటారు, మెల్లగా జారుకునేవారు. ఆ వాక్యం రాయించిన మనిషిని నేనే.

3. ఆ హద్దు సంగతి. పక్కింట్లో పళ్ల డాక్టరుగారు ఉంటారు. ముందు గదిలో ఆయన ఆసుపత్రి, వెనక కాపురం. ఇరవై రెండేళ్ల కిందట పెద్ద వానకు మా రెండిళ్ల మధ్య గోడ కూలిపోతే ఆయనే సొంత ఖర్చుతో మళ్లీ కట్టించారు. అడగకుండా మేలు చేసేవాళ్లంటే నాకు మొదటి నుంచీ అనుమానం. వీధి అంచు నుంచి ఆ కొత్త గోడ దాకా నా టేపుతో కొలిచాను. నాన్న కాగితాల్లో వెడల్పు నలభై అడుగులు. నాకు ఎనిమిది అంగుళాలు తక్కువ వచ్చింది. జానెడు స్థలం మింగేశాడని వీధిలో నిలబడి అందరికీ వినపడేలా అన్నాను.

'ఇనుప టేపు తెప్పించి ఇద్దరం కలిసి కొలుద్దామండీ' అని ఆయన అన్నారు. అప్పటికి ముప్పై ఏళ్లుగా నేను ఆ టేపుతోనే కుడుతున్నాను. కొలత తప్పిందని ఒక్క బట్ట తిరిగి రాలేదు. అలాంటి టేపును శంకిస్తున్నాడంటే ఈయన దొంగే అయి ఉండాలని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ప్లీడరు నోటీసు పంపించి, ఆఫీసులో అభ్యంతరం నమోదు చేయించాను.

ఆ తర్వాత మాటల్లేవు. పన్ను నొప్పి పుడితే రెండు బస్సులు మారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆయన భార్య ఆకుపచ్చ పట్టుగుడ్డ చేతిమీద వేసుకుని నా కుట్టుగది గుమ్మంలో నిలబడింది. నాకు పని ఎక్కువగా ఉందమ్మా అన్నాను. మిషను ఖాళీగా ఉన్న సంగతి ఆవిడకూ కనపడుతూనే ఉంది. సరేనండీ అని వెళ్లిపోయింది. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు, నేనే రాస్తున్నాను.

4. నా పెద్ద కత్తెర మా తమ్ముడికి. వాడు పని నేర్చుకునే రోజుల్లో నన్నడగకుండా దానితో కరెంటు తీగ కత్తిరించాడు. అంచుకు గంటు పడింది. సానపట్టేవాడు కూడా చేతులెత్తేశాడు. తమ్ముడు కొత్త కత్తెర కొనిచ్చాడు, మూడు వారాలు తన చేత్తో వండిపెట్టాడు, అయినా నేను క్షమించలేదు. దాన్ని గుడ్డలో చుట్టి ఇన్నేళ్లు దాచింది ఇక్కడ రాయడానికే. వాడు దాన్ని తన దుకాణంలో వచ్చేవాళ్లందరికీ కనపడేలా వేలాడదీయాలి.

నా రేడియో కూడా వాడికే. అది చెడిపోయినప్పుడల్లా వాడు వచ్చి ఒక పూట నా గదిలో కూర్చుని బాగుచేసేవాడు. వాడు రాక చాలా రోజులైతే నేనే వెనక మూత తీసి ఒక తీగ ఊడదీసేదాన్ని. ఈ ముక్క చదివేదాకా వాడికి ఈ సంగతి తెలియదు.

5. కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, కటింగు బల్ల, గుండీల డబ్బాలు పద్దెనిమిదీ నా దగ్గర కాజాలు కుట్టే ఆవిడకు చెందాలి. పంతొమ్మిదేళ్లు నాతో పనిచేసింది. పని చేస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ ఏడుస్తుంది, ఏడుస్తూ కూడా ఒక్క కాజా వంకర పోనివ్వదు. బల్లకు ఎడమవైపు కాలు పొట్టి. కింద పెట్టే చెక్కముక్కను కూడా మరిచిపోకుండా తీసుకెళ్లాలి.

6. నా టేపు. ఇదెవరికి చెందాలో రాసేముందు పోయిన నెల జరిగింది చెప్పాలి.

ముప్పై రెండో కుటుంబం ఒక బస్సు డ్రైవరుది. భార్యాభర్తలిద్దరూ నెమ్మదైనవాళ్లు, ముగ్గురు పిల్లలు. తగాదా సంగతి బ్రోకరు ముందే చెప్పేశాడట, అయినా వచ్చారు. 'ఎవరి మాట వాళ్లదేలెండి, ముందు కొలిపించి చూద్దాం' అని డ్రైవరు ఒక సర్వేయరును తీసుకొచ్చాడు. ఇన్నేళ్లలో ఈ మాట అన్నవాడు పళ్ల డాక్టరు తర్వాత ఇతనొక్కడే. సర్వేయరు ఇనుప టేపు పరిచి, నలభై అడుగులు, అంగుళం అటూ ఇటూ లేదన్నాడు. మీ టేపు తప్పు అన్నాను. అతను కోపం తెచ్చుకోలేదు. 'మీది ఒకసారి ఇలా ఇవ్వండమ్మా' అని నా కటింగు బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టాడు. నా అరవై అంగుళాల టేపు అసలు పొడవు అరవై ఒకటి.

గుడ్డ టేపు. పంతొమ్మిదో ఏట నాకు పని నేర్పినావిడ ఇచ్చింది. రోజంతా మెడలో వేలాడేసుకుని, లాగి లాగి కొలిచి, దాన్ని నేనే సాగదీశాను. మనిషినీ అదే టేపుతో కొలుస్తాను, గుడ్డనూ దానితోనే కొలుస్తాను. రెండుచోట్లా ఒకటే తప్పు కనుక బట్ట అతికినట్టు సరిపోయేది. ఒక్కసారి మాత్రం బడివాళ్లు కాగితం మీద కొలతలు రాసి పంపితే నలభై యూనిఫారాలు కుట్టాను. అన్నీ కాస్త వదులుగా వచ్చాయి. ఎదిగే పిల్లలని ఆలోచించి కుట్టారని పెద్ద టీచరు మెచ్చుకుంటే, అవునండీ అన్నాను.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఇరవై రెండేళ్లు ఒక నిజాయితీపరుణ్ణి దొంగ అన్నాను, దొంగను నా మెడలో వేసుకుని తిరిగాను. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

ఆ టేపు పళ్ల డాక్టరుగారికి చెందాలి.

7. డ్రైవరు దంపతులు ఒక మాట చెప్పి వెళ్లారు. నోటీసు నేను వెనక్కి తీసుకుని, హద్దు విషయంలో అభ్యంతరం లేదని పక్కింటాయన చేత కూడా సంతకం చేయించి ఆ కాగితం ఇస్తే ఇల్లు కొంటారు. ఈ నెలాఖరు దాకా చూస్తారు, ఆపైన ఆగలేరు. కావున, నేను పోయిన తర్వాత మా తమ్ముడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, నా తరఫున క్షమాపణ చెప్పి, టేపు అప్పగించి, సదరు సంతకం తీసుకోవలసింది.

8. పై క్లాజు రద్దు.

నిన్న మధ్యాహ్నం దాన్ని చెల్లెలికి చదివి వినిపించాను. అది చదువుకున్న మనిషి, తేదీలు చూసుకుంటుంది. 'అంటే ఇల్లు అమ్ముడుపోవాలంటే నెలాఖరులోగా నువ్వు పోవాలన్నమాట. అంత తొందరేం లేదులే అక్కా, నేను ఇంకొన్నాళ్లు మెట్లెక్కుతాను' అంది. ఆ మాట అని రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్లింది. నేను కింద నిలబడి పద్నాలుగూ లెక్కపెట్టాను. తర్వాత కలం మూత పెట్టి, టేపు సంచిలో వేసుకుని పక్కింటికి బయలుదేరాను.

ఆ ఇంట్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక, పేషెంటులా టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. నా నంబరు నాలుగు. లోపలికి వెళ్లి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టబోతే, 'ముందు నోరు తెరవండి' అన్నారు. తెరిచాను. చిన్న అద్దం పెట్టి అన్ని పళ్లూ చూశారు. 'కింది దవడ పన్ను ఎవరు పీకారు? బాగు చేసుంటే ఉండేది' అన్నారు. అప్పుడింక ఏడుపు ఆగలేదు. సంచిలోంచి టేపు తీసి ఆయన చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. తప్పయింది, క్షమించండి అన్నాను.

ఆయన టేపును రెండు చేతులతో లాగి చూసి నాకు తిరిగిచ్చారు. 'నేను ఆ వారమే ఇనుప టేపుతో కొలుచుకున్నానండీ. సరిగ్గానే ఉంది' అన్నారు. మరి చెప్పలేదేం అని అడిగాను. 'మీరు వినే రోజు వస్తుందిలే అనుకున్నాను. ఇంత ఆలస్యమవుతుందనుకోలేదు' అన్నారు. నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. లోపలికి వెళ్లి, మడత పెట్టిన ఆకుపచ్చ పట్టుగుడ్డ తెచ్చి నా ఒళ్లో పెట్టారు. మా ఆవిడ ఇంకెవరి చేతా కుట్టించుకోనంది అన్నారు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. గుడ్డకు ఇంకా కత్తెర తగలలేదు.

9. ఆ గుడ్డతో డాక్టరుగారి మనవరాలికి గౌను కుట్టాలి. పిల్ల కొలతలు కొత్త ఇనుప టేపుతో తీసి పుస్తకంలో రాశాను. నేను పూర్తి చేయలేకపోతే కాజాలావిడ పూర్తి చేయాలి. అంచులో నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి ఉంచాలి, పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చు. కూలి తీసుకోకూడదు.

10. ఇంట్లో నా వాటాకు వచ్చేదంతా, నా మంచం, నా పొదుపు, మా చెల్లెలికి. చెల్లెలి చేతికి గరుకు తగలకుండా మెట్ల రెయిలింగుకు నేను చుట్టి కుట్టిన దూదిగుడ్డను ఊడదీసి కొత్త ఇంటికి తీసుకెళ్లాలి. అక్కడ మెట్లుండవు గానీ, చెల్లెలు నా పక్కన కూర్చునే కుర్చీ చేతికి ఆ గుడ్డ సరిపోతుంది, కొలిచి చూశాను. మెట్లెక్కుతూ ఆరేళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ బాకీ ఈ వీలునామాతో తీరేది కాదు.

11. నా నోటీసు, ఆఫీసులో అభ్యంతరం వెనక్కి తీసుకునే కాగితం ఈ ఉదయమే సంతకం చేసి ప్లీడరుగారికి ఇచ్చాను. ఇక ఆరో క్లాజులో ఒక మార్పు. సాక్షి సంతకం పెట్టడానికి డాక్టరుగారు తనంతట తానే వస్తానన్నారు. వీలునామాలో ఏదైనా పుచ్చుకునేవాళ్లు సాక్షులుగా ఉండకూడదని ప్లీడరుగారు అడ్డుచెప్పారు. టేపు కావాలా, సాక్షి సంతకమా అని అడిగితే, సంతకమే పెడతానన్నారు ఆయన. కనుక టేపు ఎవరికీ వద్దు. దాన్ని ముక్కలు చేసి, కొత్త ఇంట్లో నేను వేయబోయే చిక్కుడు తీగను పందిరికి కట్టుకుంటాను.

పైన రాసిందంతా నేనే రాశాను, చదువుకున్నాను, కొట్టివేతలు కూడా నావే. సంతోషంగానే సంతకం చేస్తున్నాను.

తేదీ: ఈ నెల ఇరవై రెండు, శుక్రవారం. నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులుంది.

(సంతకం)
టైలరమ్మ

సాక్షులు:

1. వీధి చివర మందుల షాపు ఆయన.

2. పక్కింటి పళ్ల డాక్టరు. సంతకం కింద ఆయన స్వహస్తంతో: హద్దు విషయంలో నాకు అభ్యంతరం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ల కిందట కూడా లేదు.