గంట మావయ్య తీర్పు

పూజ్యులైన మావయ్యగారికి మేనల్లుడు నమస్కరించి రాయునది.

అందరం క్షేమమే అని రాయాలని కూర్చున్నాను గానీ, చెయ్యి రావడం లేదు. సెలూన్‌లో పెద్ద గొడవైంది. పాతకాలం బాక్సర్లు గోదాం, మేష్టారు ఇద్దరూ మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఒకే రింగులో తలపడితే ఎవరు గెలిచేవారు? బస్తాలు మోసి పెరిగిన గోదాం ఒక్క గుద్దు గుద్దితే ఎవడూ లేవడని నేను. మేష్టారు అందితే కదా గుద్దడానికి అని బావ. గోదాం ఆట మానేసిన పదేళ్లకి గానీ మేష్టారు రాలేదు, కాబట్టి తేలే దారి లేదు.

మాటామాటా పెరిగి బావ నాతో మాట్లాడటం మానేశాడు. మా రెండు కుర్చీల మధ్య గోడ కట్టిస్తానంటున్నాడు. అక్క అన్నం పెడుతోంది గానీ నా ముఖం చూడటం లేదు. ఆరేళ్లుగా ఇద్దరం పక్కపక్కన నిలబడి నడిపిన షాపు ఇది, చీలిపోతే నేను తట్టుకోలేను. మీరు ముప్పై ఏళ్లు బాక్సింగ్ రింగు పక్కనే గంట కొట్టారు. మీ మాటకి కట్టుబడతామని ఇద్దరం ఒప్పుకున్నాం.

మీ మేనల్లుడు

తా.క.: బావ అద్దం మధ్యలో సున్నంతో గీత గీశాడు. కస్టమర్లకి సగం ముఖమే కనిపిస్తోంది.

* * *

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఇంత వయసొచ్చి ఇదేం పోయేకాలంరా మీకు. సరే, అడిగావు కాబట్టి చెప్తున్నా. గోదామే. నాలుగో రౌండు దాటదు. అతను గుద్దితే నా బల్ల మీద గ్లాసులో నీళ్లు తొణికేవి. మేష్టారి ఆటకి ఆ గ్లాసు కదిలిందే లేదు.

మీ మావయ్య

తా.క.: ఈ ఉత్తరం మీ బావ చెవిన పడనివ్వకు. సున్నితమైన మనిషి, ఏడ్చినా ఏడుస్తాడు.

* * *

మావయ్యగారికి నమస్కారాలు.

కొంప ముంచారు. మీ ఉత్తరం ఎప్పుడొచ్చినా షాపులో బిగ్గరగా చదవడం నా అలవాటు. గడ్డాలకి నురగ పూసి, అవి నానేలోగా చదివేస్తాను. తాజా కలం దాకా వచ్చాక గానీ విషయం బుర్రకెక్కలేదు, అప్పటికి ఏడ్చినా ఏడుస్తాడన్నది కూడా నోట్లోంచి వచ్చేసింది. బావ కత్తి కింద పెట్టి బయటికి నడిచాడు. ఆయన కుర్చీలో ఉన్న దర్జీది మేష్టారి పార్టీ. మిగతా సగం గడ్డం నా చేత గీయించుకోనని, అలాగే వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు.

ఇవాళ తాపీమేస్త్రీ కొలతలు తీసుకున్నాడు. ఇటుకలు గుమ్మంలో దిగాయి. మేష్టారే గెలుస్తాడని ఒక్క ముక్క రాసి పుణ్యం కట్టుకోండి.

మీ మేనల్లుడు

తా.క.: రహస్యాలుంటే మొదటి లైనులోనే హెచ్చరించండి.

* * *

చిరంజీవికి ఆశీస్సులు.

హెచ్చరిక: కింది పేరా బిగ్గరగా చదువు. ఆ తర్వాతిది నీకొక్కడికే.

బాగా ఆలోచించాను. మేష్టారే గెలుస్తాడు. గోదాం గాలిని గుద్దీ గుద్దీ అలిసిపోతాడు.

ఇక నీకు. అబద్ధం మీద అబద్ధం ఇక రాయలేనురా. నేను ఏ పోటీ చూడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. గంట కొట్టేవాడి కళ్లు గడియారం మీదే ఉండాలి. రౌండుకి మూడు నిమిషాలు, విరామం ఒక నిమిషం. కన్ను తిప్పితే గంట తప్పుతుంది. ముప్పై ఏళ్లు తలెత్తలేదు. గోదాం ముఖం నేను గోడ మీద పోస్టర్లో చూసిందే. ఇంటికి రాగానే నువ్వూ మీ అక్కా చుట్టూ చేరి అడిగేవారు, చూడలేదని చెప్పలేక కథలు అల్లాను. ఆ కథల మీద మీ మధ్య గోడ లేస్తోందంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీ మావయ్య

తా.క.: గ్లాసులో నీళ్లు తొణికిన మాట మాత్రం నిజం. కాకపోతే ఆ బల్లకి ఒక కాలు పొట్టి.

* * *

మావయ్యగారికి ఇద్దరి నమస్కారాలు.

నేను సగం దాచేస్తానని బావ ఈసారి ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చేతిలోంచే లాక్కున్నాడు. హెచ్చరికతో సహా బిగ్గరగా చదివేశాడు, ఆపుదామంటే ఆగలేదు. ఏ పోటీ చూడలేదన్న దగ్గర ఆగి, ఆ ముక్క మళ్లీ చదివాడు. గడ్డాల మీద నురగ ఎండిపోయినా ఎవరూ కదల్లేదు.

బావ నా కుర్చీలో కూలబడి, "నేనూ చూడలేదురా" అన్నాడు. పెళ్లికి ముందు మీ ఎదుట గొప్పగా ఉంటుందని ఎక్కడో విన్న మేష్టారి పేరు ఎత్తాడట, ఇక దిగలేకపోయాడట. దర్జీ కూడా చూడలేదట. నేనంటారా, మీ కథలు విన్నవాణ్ణే. అక్క వచ్చి సంగతి విని, నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయింది. అద్దం మీద గీత తనే తుడిచేసింది.

సిగ్గుపడకండి మావయ్యా. గోడకి తెచ్చిన ఇటుకలతో గుమ్మం పక్కన అరుగు కట్టిస్తున్నాం. వచ్చి కూర్చుని మళ్లీ ఆ కథలే చెప్పండి.

మీ మేనల్లుడు, మీ అల్లుడు

తా.క.: ఇద్దరి ఆటా కళ్లారా చూసినవాడు ఒక్కడే తేలాడు, తాపీమేస్త్రీ. గడ్డం గీయించుకోవడానికి కూర్చుని, ఎవరు గెలిచేవారో చెప్పనా అన్నాడు. నేనూ బావా ఒకేసారి ఆయన నోటి మీద నురగ పూసేశాం.