నిన్ను రావద్దన్న కారణం

అన్నయ్యకు,

పెళ్లయిన ఈ ఎనిమిది నెలల్లో నీకు ఉత్తరం రాయడానికి ముఖం చెల్లలేదు. పెళ్లికి నిన్ను రావద్దన్నప్పుడు ఏదో సాకు చెప్పాను. అసలు కారణం నీ బట్టతల. నిన్ను చూస్తే రేపు నా తలా అంతేనని ఆడపెళ్లివారు పసిగడతారని భయపడ్డాను.

నా జుట్టు మాత్రల మీద నిలబడింది. డాక్టరు మొదట్లోనే హెచ్చరించాడు. "మగ హార్మోను ఒంట్లో ఇంకో రూపంలోకి మారుతుందయ్యా. మీ ఇంటి మగవాళ్ల జుట్టు కుదుళ్లకు అది పడదు, కుంచించుకుపోతాయి. ఈ మాత్ర ఆ మార్పును తగ్గిస్తుంది. కొందరికి కోరికా తగ్గుతుంది. మానేస్తే జుట్టు మళ్లీ ఊడుతుంది."

ఆ కొందరిలో నేనొకణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మింగితే నీ మరదలికి దూరమవుతున్నాను, మానేస్తే అబద్ధం బయటపడుతుంది. రోజూ స్నానాలగదిలో గడియ పెట్టుకుని మాత్ర వేసుకుంటున్నాను.

నిన్న ఆమె ఆ తలుపు బయట నిలబడి, "నేనంటే మీకు ఇష్టం లేదు కదూ?" అని అడిగింది. నేను వినబడనట్టు కుళాయి తిప్పేశాను. బయటికొచ్చేసరికి ఆమె పెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. ఇక దాచలేక మాత్రల అట్ట చేతిలో పెట్టి అంతా చెప్పాను.

ఆమె తిట్టలేదు. "జుట్టు కోసం తోడబుట్టినవాణ్ణే దాచేశారా? ముందు ఆయన్ని పిలవండి. మన సంగతి తర్వాత చూద్దాం" అంది.

పెట్టె ఇంకా మంచం మీదే తెరిచి ఉంది. ఆదివారం రా అన్నయ్యా. రానంటే నిన్ను అనడానికి నాకు నోరు లేదు.

నీ తమ్ముడు