చిలకల చీర ముందు వేలాడదీస్తా

మంగళవారం, అన్నం తిన్నాక

ఈరోజు ఆఫీసు కామెడీ సీరియల్ సగం అద్భుతం, సగం చెత్త. గుమస్తా వేసిన ప్లాన్లన్నీ మేనేజరు తనవని చెప్పుకుంటాడు. దాంతో గుమస్తా కావాలనే తప్పుల ఫైలు టేబుల్ మీద వదిలేశాడు. పెద్ద సార్ల ముందు అది చదువుతూ మేనేజరు చెమటలు కక్కుతుంటే పడీపడీ నవ్వాను. చివర్లో మాత్రం గుమస్తానే ఏడ్చి, క్షమాపణ అడిగాడు. ఎందుకయ్యా క్షమాపణ?

నా చీరల కొట్టు పక్క దుకాణం కిషోర్‌భాయ్ ఎప్పుడైనా నన్ను క్షమాపణ అడిగాడా? నేను కొత్త చీర ముందు వేలాడదీసిన మూడో రోజుకే అదే డిజైన్ చవక గుడ్డ మీద వేయిస్తాడు. పైగా "డిజైన్ ఏక్‌దమ్ మస్త్ హై, శేఠ్!" అని నన్నే మెచ్చుకుంటాడు.

రేపు చూడు. నిరుడు ఒక్కటీ అమ్ముడుపోని ఆ చిలకల చీర ముందు వేలాడదీస్తా. దానికి బార్డోలీ ఊరి నుంచి పెద్ద ఆర్డరొచ్చిందని అతనికి వినబడేలా ఫోన్లో అరుస్తా. వేయించుకోనీ, వెయ్యి చీరలు!

మా ఆవిడకి చెప్తే నవ్వలేదు. "గవి ఆయనకాడ మంచిగ అమ్ముడువోతే ఏం జేస్తవ్?" అంది.

ఆ సంగతి సీరియల్లో చూపించలేదు.

అయినా చిలకల చీర ఇస్త్రీ చేసి సంచీలో పెట్టేశా.