నాయన వేరు పెట్టుకున్న గ్లాసు

బుధవారం రాత్రి, ఆండర్సన్‌పేట

బెంగళూరు ఆసుపత్రి నుంచి మారికుప్పం రైల్లో వస్తుంటే నాయన అడిగాడు. "గని దుమ్మే కదమ్మా? అది మాకు పాత సుట్టం లే."

నాయనకు ముక్కు మూసుకుపోయి రక్తం కారుతుంటే ఇన్నాళ్లూ మేమూ దుమ్మనే అనుకున్నాం. బంగారు గనిలో దిగినవాళ్లకు ఇంకేం వస్తుందని! ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, కాబట్టి నేనే చెప్పాలి.

"దుమ్ము కాదు నాయనా, ముక్కులో లింఫోమా. క్యాన్సర్. దాని వెనక ఒక వైరస్ ఉండాది."

చాలా ఆలస్యమైందని డాక్టరు నాకు విడిగా చెప్పిన మాట మాత్రం చెప్పలేకపోయాను.

ఇంటికి రాగానే పళ్లెం, గ్లాసు వేరు పెట్టుకున్నాడు. "మీ అమ్మకు అంటించమంటావా?"

"క్యాన్సర్ అంటుకోదు నాయనా. ఆ వైరస్ దాదాపు అందరిలోనూ ఉండాది, నాలోనూ. ఎవరో ఒకరికే ఇట్లయ్యేది."

ధైర్యం చెబుదామనుకున్నాను. నాయన ముఖం పాలిపోయింది.

"నీలోనూనా? ఇంగ ఆ ఒకరు నువ్వు కాదని ఎవరు చెప్పినారు?"



నిన్నటి నుంచి నాకు జలుబు. అన్నం దగ్గర ముక్కు చీదుకుంటే నాయన ముద్ద ఆపేసి నా చేతిగుడ్డ వైపు చూశాడు, రక్తముందేమోనని. ఆ తరువాత తినలేదు.