ట్యాంకులో ఉంచేసిన పెట్రోలు

జూన్ 9
పోయిన నెల పక్షవాతం వచ్చినప్పటినుంచి ఈయన కుడిచెయ్యి లేవడం లేదు. నెలలు పడుతుందని డాక్టర్ అన్నాడు. ఈయనేమో నెలాఖరుకల్లా మిషన్ భుజానేసుకుని మళ్లీ గడ్డి కోత పనికి వెళ్లిపోతానంటారు. మొండి ఘటం.

జూన్ 11, సాయంత్రం
గడ్డి కోసే మిషన్ని దాచాం. దాచాం అంటే, మంచం మీంచి ఈయన ఆర్డర్లు, కింద నా చాకిరీ. బ్లేడు విప్పు, ఎయిర్ ఫిల్టర్ కడుగు, స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో రెండు చుక్కలు ఆయిల్ వెయ్యి, స్టార్ట్ చేసే తాడు మెల్లగా లాగు, మెల్లగా అంటే తెలీదా అని కసుర్లు. పెళ్లయిన కొత్తలో కూడా నన్నింత అపురూపంగా చూసుకోలేదు, మహానుభావుడు.

పెట్రోలు తీయబోతే మాత్రం వద్దన్నారు. నెలాఖరుకి లేచేవాడికి ట్యాంకు ఖాళీ చేయడం దేనికట. ఇది టూ-స్ట్రోక్ ఇంజను, ఆయిల్ కలిపిన పెట్రోలు నిలవుంటే కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుందని ఇన్నాళ్లూ అందరికీ పాఠాలు చెప్పింది ఈయనే. అదే అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఈయన ఏడ్చేశారు. ఈ మనిషి ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. పెట్రోలు తీశావంటే నేనింక లేవనని నువ్వే తేల్చేసినట్టే అన్నారు.

మూత బిగించి, దుప్పటి చుట్టి, వెనకాల రేకుల గదిలో పెట్టాను.

జూలై 2
లేవలేదు.

ఆగస్టు 20
గోడ పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి మోచేతిదాకా కదులుతోంది. వేళ్లు రావడం లేదు. ఫిజియోథెరపీ అబ్బాయి రబ్బరు బంతి పిసకమన్నాడు. ఈయన దాన్ని కళ్లతోనే పిసుకుతున్నారు.

అక్టోబర్ 15
స్కూలు గ్రౌండ్‌లో గడ్డి మోకాళ్లు దాటిందట. వాచ్‌మన్ గుమ్మంలో నిలబడి, అన్నయ్య వస్తాడా, వేరేవాళ్లని చూసుకోమంటారా అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే రేపొస్తున్నానని ఈయన లోపల్నుంచి కేకేశారు.

అక్టోబర్ 16
దుప్పటి విప్పించారు. ఎడమచేత్తో తాడు లాగారు. లాగారు, లాగారు. చొక్కా తడిసి ముద్దయింది. మిషన్ కనీసం దగ్గనైనా దగ్గలేదు. పెట్రోలు పాడైందండీ, మీ చెయ్యి కాదు అని ఎంత మొత్తుకున్నా వినరే. నా చెయ్యే చచ్చిందే అన్నారు.

పెట్రోలే అయ్యుండాలి. దేవుడా, పెట్రోలే అయ్యుండాలి.

అక్టోబర్ 19
మెకానిక్ వచ్చాడు. నన్ను అక్కా అంటాడు కాబట్టి ఈయన వాడికి బావ. కార్బ్యురేటర్ విప్పితే లోపలంతా జిగురు. బావ చేసే పనేనా ఇది అని నవ్వబోయి, ఈయన మొహం చూసి పనిలో పడ్డాడు. కడిగి, కొత్త పెట్రోల్లో ఆయిల్ కలిపి పోశాడు.

ఈయన లాగారు. తాడు సగంలోనే ఆగింది. ఇంకోసారి. తూలిపోతుంటే పట్టుకున్నాను. నువ్వు లాగు అన్నారు. నాకు రాదన్నాను. లాగవే అని అరిచారు. లాగాను. రెండోసారికే అందుకుంది. వీధంతా దద్దరిల్లిపోయింది. ఇలాంటి సంతోషం పగవాళ్లకి కూడా వద్దు.

ఈయన నవ్వారు. నిజంగానే నవ్వారు. తర్వాత లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు. భోజనం ముట్టలేదు.

అక్టోబర్ 20, పొద్దున్నే
స్కూలు గ్రౌండ్‌కి నేనే బయల్దేరాను. మిషన్ భుజానికి తగిలించుకునే బెల్టు నాకు వదులైంది. బిగిస్తే కొస జానెడు వేలాడింది. హ్యాండిల్‌కి చిక్కుకుంటుంది, కత్తెర తెమ్మన్నారు. వద్దండీ, ముడేసుకుంటాను, కత్తిరిస్తే మళ్లీ మీకు చాలదు అన్నాను.

గట్టిగా పట్టుకో అన్నారు.

ఎడమచేత్తో కత్తిరించారు. వంకరగా తెగింది.