మాంసం కొట్టు గుట్టు మాటలు

వాల్వర్త్, లండన్
ఫిబ్రవరి 1961

ప్రియమైన చెల్లాయి మేవిస్,

కొట్టు బాగానే నడుస్తోంది. చలికి నాన్న మోకాళ్లు పట్టేస్తున్నా గడ్డిటోపీ పెట్టి కత్తి పట్టందే ఆయనకి తెల్లారదు.

అసలు సంగతి వేరు. డెట్‌ఫోర్డ్ నుంచి ప్రతి శనివారం మిసెస్ హాబ్డే అని ఒకావిడ వస్తుంది, భర్త పోయినావిడ. దారిలో ఎన్ని మాంసం కొట్లున్నా దాటుకుని మన దగ్గరికే వస్తుంది. ఆవిణ్ని పెళ్లి చేసుకోమని అడగాలనుందని మొన్న నాన్న అన్నాడు. ధైర్యం చాలడం లేదట. అమ్మ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే నేను చూడలేను. అందుకే ఈ శనివారం ఆవిడ ఎదుటే, మన కొట్టు భాషలో నాన్నతో అనేశాను: "డెలో నమావ్, ఆన్ డూగ్." నాన్న తలెత్తలేదు. ఆవిడకేం తెలుస్తుంది, పొట్లం పుచ్చుకుని పోయింది.

నీ అన్న,
సిడ్

హాలిఫాక్స్
ఫిబ్రవరి

అన్నయ్యా,

అర్థం కూడా రాస్తే నీ సొమ్మేం పోయింది? ఆడపిల్లకి కౌంటర్ వెనక పనేమిటని నాన్న నాకు ఆ భాష నేర్పలేదు కదా. మాటల్ని తిరగేసి పలుకుతారనీ, కొనేవాళ్ల గురించి వాళ్ల ఎదుటే చెప్పుకుంటారనీ మాత్రం తెలుసు. నాకు చిన్నప్పటినుంచీ అది కడుపుమంటే.

అమ్మ పోయి పదేళ్లయింది. కుర్చీ కోసం మనిషిని ఒంటరిగా ఉంచుతావా? మా ఆయన కూడా అదే అంటున్నాడు. ఆయన మాట నేనెన్నడూ లెక్కచెయ్యను గాని, ఈసారి చేస్తున్నాను.

మేవిస్

వాల్వర్త్
మార్చి

చెల్లాయ్,

'డెలో నమావ్' అంటే 'ఓల్డ్ ఉమన్' తిరగేసింది, ముసలిది. 'ఆన్ డూగ్' అంటే 'నో గుడ్', పనికిరాదు. చాలా?

ఆ శనివారం తర్వాత ఆవిడ మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. కానీ నాన్న ప్రతి శనివారం మంచి ముక్కలు రెండు పక్కన పెడతాడు, కొట్టు కట్టేసేటప్పుడు వాటిని మళ్లీ ఐసుపెట్టెలో సర్దుతాడు. ఏమీ అనడు. తిట్టినా బాగుండును. నిన్న ఆ ముక్కలు పొట్లం కట్టి నా చేతికిచ్చి, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో, ఇచ్చిరమ్మన్నాడు. రేపు వెళ్లాలి.

సిడ్

వాల్వర్త్
ఏప్రిల్

ప్రియమైన మేవిస్,

వెళ్లాను. తలుపు తీసి నన్ను చూడగానే ఆవిడ మన కొట్టు భాషలోనే, నాకన్నా వేగంగా అంది: "ముసలిదాన్నే నాయనా, చెవిటిదాన్ని కాదు." పొట్లం ఆవిడ చేతిలో పెట్టేశాను.

వాళ్ల నాన్నదీ మాంసం కొట్టేనట. కొడుకులు లేక కూతురికి నేర్పాడు. మన కొట్లో మొదటి రోజు నుంచీ ఆవిడకి ప్రతి మాటా తెలుసు. టీ పోసిచ్చి చెప్పింది.

"మీ నాన్న పైకి 'ఇంకేం కావాలమ్మా' తప్ప అనేవాడు కాదు. నీతో మాత్రం ఆ భాషలో, 'ఈవిడకి లేతది ఇవ్వరా, మొహం వాడిపోయి ఉంది' అనేవాడు. నా గురించి అలా అనేవాళ్లు నాకు ఇంకెవరూ లేరు. రెండు బస్సులు మారి అది వినడానికే వచ్చేదాన్ని. నువ్వన్నది నాకు పట్టలేదు. ఆయన ఊరుకున్నాడే, అది గుచ్చుకుంది."

సిగ్గుతో తల వంచుకుని, ఒక్కసారి రండి అని బతిమాలాను. తనకి ఆ భాష వచ్చని నాన్నకి చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది.

శనివారం కొట్టు కిటకిటలాడుతుంటే వచ్చింది. నాన్న ఆవిణ్ని చూశాడు, ముక్కలు తక్కెడలో వేశాడు, నా వైపు తిరిగి కొట్టు భాషలో మెల్లగా అన్నాడు: "ఆవిణ్ని ఇంకోసారి అలా అన్నావంటే నిన్ను ఆ కొక్కేనికి తగిలిస్తాను. నేను పెళ్లాడాలనుకున్న మనిషి, ఆవిడ ఒప్పుకుంటే."

"ఒప్పుకున్నాను," అంది ఆవిడ అదే భాషలో. "ముందు తక్కెడ మీంచి వేలు తియ్యండి."

నాన్న గడ్డిటోపీ కైమాలో పడింది.

పెళ్లి జూన్‌లో. అమ్మ కుర్చీ నేనే తుడిచి బల్ల దగ్గర వేశాను. నువ్వొస్తే కొట్టు భాష నేర్పుతానంటోంది ఆవిడ. నాన్న పక్కనే ఉన్నాడు, ఆడపిల్లకెందుకని అనలేదు.

నీ అన్న,
సిడ్